ఎర్ర కవరులో వచ్చిన సినిమా

పోయిన సంక్రాంతి పండక్కి మా పెద్దవాడు అమెరికా నుంచి వచ్చాడు. పెట్టె విప్పి అందరికీ తెచ్చినవి ఇచ్చాక, బట్టల అడుగు నుంచి నోటుపుస్తకమంత ఎర్ర కవరు ఒకటి తీసి నా బల్ల మీద పెట్టాడు. మా మనవరాలు దాన్ని నాకన్న ముందు అందుకున్నది. ఆ పిల్ల మా రెండోవాడి కూతురు, ఏడో తరగతి చదువుతున్నది. కవరులో తెల్ల కాగితపు సంచీ, సంచీలో అద్దంలా మెరిసే పలచని బిళ్ళ ఉన్నాయి.

"పెదనాన్నా, ఇదేమిటి?" అని అడిగింది.

"సినిమా. టపాలో వచ్చింది" అన్నాడు వాడు.

"టపాలో రావటమెందుకు? ఫోనులో వస్తుందిగా!"

"పాతికేళ్ళపాటు టపాలోనే వచ్చిందమ్మా. 2023లో ఆపేశారు. ఇది నాకు వచ్చిన ఆఖరు డిస్కు. తిరిగి పంపనక్కరలేదన్నారు, ఉంచుకున్నాను."

"మరి డబ్బు కట్టేవాళ్ళు ఊరుకున్నారా?"

మా వాడు నవ్వి నా కేసి చూశాడు. ముప్ఫై అయిదేళ్ళు పాఠాలు చెప్పినవాణ్ణి. ఇలాటి ప్రశ్న వింటే జవాబు చెప్పేదాకా నాకు తోచదు. పిల్లలూ, ఆ పిల్లకు చెప్పినదే మీకూ చెబుతాను. కాస్త పొడుగు కథే.

ఇంట్లో కూర్చుని సినిమా చూడటం మొదలైన రోజుల్లో సినిమా టేపు మీద ఉండేది. 1980 తరవాత మన పట్టణాలలో వీడియో కేసెట్ల దుకాణాలు వెలిశాయి. మీ తాతగారిని అడిగితే చెబుతారు. సాయంత్రం కేసెట్టు తెచ్చుకుంటే మర్నాడు సాయంత్రానికల్లా ఇచ్చెయ్యాలి. ఆలస్యమైతే మరో రోజు అద్దె. ఒకసారి నేను తెచ్చిన కేసెట్టు యంత్రంలో ఉండగానే గాలివాన వచ్చి కరెంటు పోయింది. రెండు రోజులదాకా కరెంటూ రాలేదు, కేసెట్టూ బయటికి రాలేదు. "గాలివానతో నాకేం పని మాస్టారూ!" అని దుకాణదారు రెండు రోజుల అద్దే తీసుకున్నాడు.

అమెరికాలోనూ జనానికి ఇదే బాధ. అక్కడ బ్లాక్‌బస్టర్ అనే కంపెనీ 1985లో డల్లాస్ నగరంలో మొదటి దుకాణం తెరిచి, 2004 నాటికి తొమ్మిది వేలకు పైగా దుకాణాలు నడిపింది. దాని ఖాతాదారులు ఎక్కువగా విసుక్కునేది ఆలస్యపు జరిమానాను గురించే.

ఇలా ఉండగా 1997 మార్చిలో అమెరికాలో డి.వి.డి. డిస్కులు అమ్మకానికి వచ్చాయి. కేసెట్టు సుమారు రెండువందల గ్రాములు తూగితే, డిస్కు పదహారు గ్రాములే తూగుతుంది. అంటే మీరు పరీక్షలు రాసే తెల్లకాగితాలు మూడు నాలుగు కలిపినంత అన్నమాట. అడ్డంగా 12 సెంటీమీటర్లు, మందం 1.2 మిల్లీమీటర్లు. ఇంత చిన్న బిళ్ళలో సినిమా అంతా ఎలా పట్టిందని అడుగుతారు. బిళ్ళ లోపల కంటికి కనిపించనంత సన్నని గుంటలు జిలేబీ చుట్టలాగా ఒకే వరసలో ఉంటాయి. ఆ చుట్టను విప్పి నేల మీద పరిస్తే పది కిలోమీటర్లు దాటుతుంది! బిళ్ళ గిర్రున తిరుగుతుండగా యంత్రం దానిమీద ఎర్రని లేజరు కిరణం వేస్తుంది. గుంట అంచు వచ్చినప్పుడల్లా తిరిగి వచ్చే వెలుగు మారుతుంది. ఆ మార్పులనే యంత్రం ఒకట్లుగానూ సున్నాలుగానూ చదివి, బొమ్మగానూ ధ్వనిగానూ మారుస్తుంది. టేపు అయితే యంత్రానికి రాసుకుని అరిగిపోతుంది. డిస్కును తాకేది వెలుగు ఒక్కటే.

కాలిఫోర్నియాలో రీడ్ హేస్టింగ్స్, మార్క్ రాండాల్ఫ్ అనే ఇద్దరికి, ఇంత తేలికైన వస్తువును టపాలో పంపితే ఏం అనిపించింది. పగలకుండా చేరుతుందా అన్నదే సందేహం. ఆ డిస్కులు అప్పటికి వాళ్ళ ఊళ్ళో దొరకలేదు. అందుచేత అదే ఆకారంలో ఉండే పాటల సి.డి. ఒకటి కొని, మామూలు కవరులో పెట్టి, సాంటా క్రూజ్ ఊళ్ళోనే ఉన్న హేస్టింగ్స్ ఇంటికి పోస్టు చేశారు. మర్నాడు అది చెక్కు చెదరకుండా చేరింది. 1997లోనే వాళ్ళు నెట్‌ఫ్లిక్స్ అనే కంపెనీ పెట్టారు. 1998 ఏప్రిల్ 14న వ్యాపారం ప్రారంభించారు. అప్పుడు వాళ్ళ దగ్గర ఉన్నవి వెయ్యికి లోపు సినిమాలే.

హేస్టింగ్స్ ఒక సినిమా తిరిగి ఇవ్వటం ఆలస్యం చేసి 40 డాలర్ల జరిమానా కట్టి, ఆ కోపంతో ఈ కంపెనీ పెట్టాడని ఒక కథ ప్రచారంలో ఉన్నది. కంపెనీ అలా పుట్టలేదని రాండాల్ఫే తరవాత చెప్పాడు. అయినా జనం నలభై డాలర్ల కథనే చెప్పుకుంటారు, ఎందుకంటే జరిమానా కట్టనివాడు వాళ్ళలో లేడు.

మొదట డిస్కు ఒక్కింటికి ఇంత అని అద్దె తీసుకున్నారు. అది పెద్దగా సాగలేదు. 1999లో చందా పద్ధతి పెట్టారు. తరవాతి ఏడు, నెలకు అయిదు సెంట్లు తక్కువ 20 డాలర్లు కడితే ఒకేసారి మూడు డిస్కులు ఇంట్లో ఉంచుకోవచ్చునన్నారు. గడువు లేదు, జరిమానా లేదు. ఒకటి తిరిగి పంపితే ఇంకొకటి వస్తుంది. వచ్చిన కవరులోనే పెట్టి పంపవచ్చు, తపాలా ఖర్చు కంపెనీదే. చూడదలచిన సినిమాలను చందాదారు వరసగా జాబితా రాసి ఉంచితే, ఆ వరస ప్రకారం పంపుతారు.

నేను 2009లో మా వాడి ఇంట్లో మూడు నెలలు ఉన్నాను. పన్నెండు గంటల వేళ టపా బండి వచ్చిందంటే పిల్లలు పరిగెత్తేవాళ్ళు. ఎర్ర కవరు కనిపిస్తే కేకలు. జాబితాలో తన సినిమాను పైకి తెచ్చుకోవటానికి ఒకడు రెండోవాడి సినిమాను కిందికి తోసేవాడు, ఆ పేచీ మా కోడలు తీర్చేది. అయితే మా కోడలు చూసే తెలుగు సినిమా మాత్రం ఎర్ర కవరులో వచ్చేది కాదు. అది భారతీయ సరుకుల దుకాణంలో అద్దెకు దొరికేది. కందిపప్పు, కొత్తిమీర కట్టలతోబాటు అదే సంచీలో పడి ఇంటికి వచ్చేది.

ఇదంతా బాగానే ఉన్నది. కాని చందాదారులలో కొందరికి ఒక అనుమానం కలిగింది. ఎన్ని సినిమాలైనా చూడవచ్చు అన్నారు కదా, త్వరత్వరగా చూసి పంపేవాళ్ళకు తరవాతి డిస్కు ఆలస్యంగా వస్తున్నదేం?

దీనిలో లెక్క ఉన్నది. ఒక డిస్కు వెళ్ళి రావటానికి ముక్కాలు డాలరు ఖర్చవుతుందనుకుందాం. నెలకు 4 డిస్కులు చూసే ఇంటికి కంపెనీ పెట్టే ఖర్చు 3 డాలర్లు. 20 చూసే ఇంటికి 15 డాలర్లు. చందా మాత్రం ఇద్దరిదీ ఒకటే. మన భోజన హోటలులో ఫుల్ మీల్సు అని బోర్డు ఉంటుంది. అడిగినంత వడ్డించాలి. నాలుగోసారి అన్నం అడిగినవాణ్ణి చూసి, వడ్డించేవాడు ఆ బంతికేసి రావటం మానేస్తాడు. లేదని అనడు, ఊరికే ఆలస్యం చేస్తాడు. సరిగ్గా ఇదే జరుగుతున్నదని 2004లో ఒక చందాదారు కోర్టుకు వెళ్ళాడు. 2005 జనవరిలో కంపెనీ తన నిబంధనలలో, తక్కువ డిస్కులు తీసుకునేవారికే ముందు పంపుతామని బాహాటంగా రాసుకున్నది. అదే ఏడు దావాను రాజీ చేసుకున్నది. ఎన్నైనా అన్న మాటకు అర్థం ఏమిటో అందరికీ తెలిసేట్టు చేసినవాడు ఆ ఒక్క చందాదారే. నా దృష్టిలో ఈ కథలో మంచి పని చేసినది అతనే.

చందాదారుల అభిప్రాయం తెలుసుకోవటానికి కంపెనీ వేసిన ఎత్తు ఇంకోటి ఉన్నది. చూసిన సినిమాకు ఒకటి నుంచి అయిదు దాకా నక్షత్రాలు ఇమ్మన్నారు. మీ పరీక్ష పేపర్లకు మేం మార్కులు వేస్తామే, అట్లా. ఆ మార్కులను బట్టి, ఎవరికి ఏ సినిమా నచ్చుతుందో యంత్రం ముందే ఊహించేది. ఈ ఊహను నూటికి పదివంతులు మెరుగు పరిచినవారికి పది లక్షల డాలర్లు ఇస్తామని 2006 అక్టోబరులో పందెం ప్రకటించారు. పేర్లు తీసేసి, 4 లక్షల 80 వేల మంది 17,770 సినిమాలకు ఇచ్చిన పది కోట్ల మార్కులను అందరికీ ఇచ్చారు. దాదాపు మూడేళ్ళు పట్టింది. ఆఖరికి రెండు బృందాలకు ఒకే ఫలితం వచ్చింది! ఇరవై నిమిషాల ముందు పంపిన బృందానికే 2009లో బహుమతి దక్కింది. పేపరు ముందు ఇచ్చినంతమాత్రాన మార్కులు రావని నేను మీవంటివాళ్ళకు ఏళ్ళ తరబడి చెబుతూ వచ్చాను. ఈ ఒక్కచోట ఓడిపోయాను.

దీనిలో మరో సంగతి బయటపడింది. పేర్లు తీసేసినా, ఆ మార్కులను వేరేచోట అచ్చయిన అభిప్రాయాలతో సరిపోల్చి, కొందరు ఎవరో కనిపెట్టవచ్చునని టెక్సాస్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఇద్దరు చూపించారు. మనం ఏ సినిమా చూశామో అందరికీ తెలియటం మనకు ఇష్టమేనా? రెండో పందెం కూడా పెట్టాలనుకున్న కంపెనీ, 2010లో దాన్ని మానుకున్నది.

మార్కులు వెయ్యటం ఒకటి, చూడటం ఒకటి. 2009లో ముగ్గురు పరిశోధకులు ఆస్ట్రేలియాలోని డిస్కుల అద్దె లెక్కలు పరిశీలించి ఒక వ్యాసం ప్రకటించారు. సరదా సినిమాలు త్వరగా తిరిగి వచ్చాయట. 'తప్పక చూడవలసిన' గంభీరమైన చిత్రాలు ఎక్కువ రోజులు ఇళ్ళలోనే ఉండిపోయాయట. మా వాడి ఇంట్లోనూ ధ్రువప్రాంతాలను గురించిన డిస్కు ఒకటి నేనున్న మూడు నెలలూ టీవీ కిందనే ఉన్నది. అడిగితే, "చాలా మంచిది నాన్నగారూ, చూడాలి" అనేవాడు. నేను మాత్రం చూశానా? లేదు. జనం గంభీరమైన చిత్రాలకు అయిదు నక్షత్రాలిచ్చి, రాత్రి పూట చూసేది హాస్యచిత్రాలేనని కంపెనీ కూడా గ్రహించింది. 2017లో నక్షత్రాలు తీసేసి, బొటనవేలు పైకి, బొటనవేలు కిందికి అనే గుర్తులు పెట్టింది.

ఇప్పుడు మా మనవరాలి ప్రశ్నకు వద్దాం. 2007 జనవరిలో ఈ కంపెనీ సినిమాను టపాలో కాక నెట్ ద్వారా పంపటం మొదలుపెట్టింది. దీన్ని స్ట్రీమింగ్ అంటారు. చెరువంతా ఒకేసారి తెచ్చుకోకుండా, కాలువలో వచ్చే నీటిని వచ్చింది వచ్చినట్టు పొలానికి పెట్టుకోవటం వంటిది. సినిమాను కొద్ది సెకండ్ల ముక్కలుగా కోసి, వెనకది చూస్తుండగా ముందరి ముక్కను తెచ్చి పెడతారు. మొదట్లో చందా డాలరుకు ఒక గంట చొప్పున, అదీ కంప్యూటరులో మాత్రమే చూడనిచ్చారు. చూడదగిన సినిమాలు వెయ్యి మాత్రమే.

డిస్కులుగా అయితే అదే కంపెనీ దగ్గర సుమారు లక్ష సినిమాలు సమకూడాయి. ఇంత తేడా ఎందుకు?

దీనికి కారణం యంత్రాలలో లేదు, చట్టంలో ఉన్నది. అమెరికాలో ఒక ప్రచురణకర్త తన నవలలో, దీన్ని డాలరుకు తక్కువగా అమ్మరాదు అని అచ్చువేశాడు. ఒక పెద్ద దుకాణం ఆ పుస్తకాన్ని కొని 89 సెంట్లకు అమ్మింది. దావా సుప్రీంకోర్టుకు వెళ్ళింది. ఒకసారి అమ్మేశాక ఆ ప్రతిమీద ప్రచురణకర్తకు అదుపు ఉండదని 1908లో కోర్టు తీర్పు చెప్పింది. దీన్ని మొదటి అమ్మకం సూత్రం అంటారు. ఈ సూత్రం మూలంగానే అమెరికాలో ఎవరైనా సినిమా డిస్కును బజారులో కొని, ఎవరి అనుమతీ అడగకుండా అద్దెకు ఇయ్యవచ్చు. (మన దేశంలో అలా కాదు. సినిమా ప్రతులను అద్దెకు ఇచ్చే హక్కును మన చట్టం హక్కుదారుకే ఉంచింది.) నెట్‌లో పంపేటప్పుడు చేతులు మారే ప్రతి ఉండదు కనక ఆ సూత్రం వర్తించదు. ప్రతి సినిమాకూ హక్కుదారు అనుమతి కావాలి, అనుమతికి గడువు ఉంటుంది, గడువు తీరితే సినిమా మాయమవుతుంది. స్టార్జ్ అనే సంస్థతో ఒప్పందం 2012 ఫిబ్రవరి ఆఖరున ముగిసినప్పుడు, పిల్లలు ఇష్టపడే డిస్నీ చిత్రాలు చాలా ఒక్క రాత్రిలో నెట్ నుంచి పోయాయి. అవే చిత్రాలు డిస్కులుగా మాత్రం ఎప్పటిలాగా టపాలో వచ్చాయి.

అందుచేత ఒకే ఇంట్లో రెండు అభిప్రాయాలు ఉండేవి. "అనుకున్నప్పుడు చూడవచ్చు, ఎదురు చూడనక్కరలేదు" అనేవాళ్ళు కొందరు. "అనుకున్నది దొరకదే, ఎప్పుడు చూస్తేనేం?" అనేవాళ్ళు కొందరు. నెట్ సరిగా అందని పల్లెలవాళ్ళకు డిస్కు తప్ప దారి లేదు.

2011 జులైలో కంపెనీ ఒక ప్రకటన చేసింది. అంతవరకు 9 డాలర్ల 99 సెంట్లకు నెట్, డిస్కు రెండూ ఇచ్చేవారు. ఇకమీదట ఒక్కొక్కటి 7 డాలర్ల 99 సెంట్లు. రెండూ కావాలంటే ఎంతో, పెరిగింది నూటికి ఎంతో మీరే కట్టండి. (నూటికి అరవై వస్తే లెక్క సరిపోయినట్టే.) వేలాదిమంది కోపంతో రాశారు. ఇది చాలదన్నట్టు సెప్టెంబరులో హేస్టింగ్స్, డిస్కుల వ్యాపారాన్ని క్విక్‌స్టర్ అనే వేరే పేరుతో విడదీస్తామన్నాడు. అంటే చందాదారు రెండు చోట్ల డబ్బు కట్టాలి, రెండు జాబితాలు రాసుకోవాలి. దీంతో కోపం రెట్టింపయింది. మూడు నెలల్లో అమెరికాలో 8 లక్షల మంది చందాదారులు తగ్గారు. అక్టోబరు 10న కంపెనీ క్విక్‌స్టర్ ఆలోచన మానేసింది. చందాదారులు గెలిచారని పత్రికలు రాశాయి. పేరు విషయంలో గెలిచారు, నిజమే. ధర మాత్రం ఒక్క సెంటు తగ్గలేదు.

ఆ తరవాత కేకలు వెయ్యకుండానే డిస్కులను ఒక్కొక్కరే మానుకున్నారు. 2011 ఆఖరుకు డిస్కుల చందాదారులు కోటికి పైగా ఉండగా, 2019 ఆఖరుకు ఇరవై లక్షల పైచిలుకు మిగిలారు. మా కోడలు ఎర్ర కవర్లను తలుచుకోదు. తెలుగు సినిమాలు నెట్‌లోకి వచ్చాక, పైగా 2020 ఉగాదికి తెలుగుకే ప్రత్యేకంగా 'ఆహా' మొదలయ్యాక, సరుకుల దుకాణంలో సినిమాకోసం నిలబడవలసిన పని తప్పింది. డిస్కులకోసం చివరిదాకా డబ్బు కట్టినవాడు మా వాడే. వాడి జాబితాలో పాత జపాను సినిమాలు, నలుపు-తెలుపు సినిమాలు ఎక్కువ.

2023 సెప్టెంబరు 29న ఆఖరు డిస్కులు బయలుదేరాయి. అప్పటికి పంపినవి 520 కోట్లకు పైగా. చివరి డిస్కులను తిరిగి పంపనక్కరలేదన్నారు. కోరినవారికి వారి జాబితాలో నుంచి పదిదాకా అదనంగా పంపుతామన్నారు. మా వాడి జాబితాలో ఇంకా నూట నలభై సినిమాలు మిగిలిపోయాయి.

"అవి ఎక్కడ చూస్తావు పెదనాన్నా?" అని మనవరాలు అడిగింది.

"మూడు చందాలు కడుతున్నానమ్మా. వెతికాను. సగం ఎక్కడా లేవు."

ఆ రాత్రి ఈ డిస్కు చూద్దామనుకున్నాం. ఇంట్లో మూడు ఫోన్లు, ఒక పెద్ద టీవీ, ఒక కంప్యూటరు ఉన్నాయి. డిస్కు పెట్టే సందు దేనికీ లేదు! ఆఖరుకు నేను పనిచేసిన బడికి కబురు చేస్తే, సామాన్ల గదిలో నుంచి పాత ప్లేయరు ఒకటి దుమ్ము దులిపి పంపారు. అది జపాను సినిమా, కింద ఇంగ్లీషులో మాటలు. సగంలో బొమ్మ చదరాలుగా విరిగి ఆగిపోయింది. బిళ్ళను తీసి మనవరాలు గుడ్డతో గుండ్రంగా తుడవబోయింది. అలా తుడవకూడదు. గీత పడితే చుట్ట వెంట పొడుగునా పోతుంది. మధ్యనుంచి అంచుకు తిన్నగా తుడవాలి. అలా తుడిచి పెట్టింది. బొమ్మ మళ్ళీ కదిలింది. పన్నెండు గంటలకు సినిమా అయిపోయేసరికి మా ఆవిడ తప్ప అందరం మేలుకునే ఉన్నాం.

మర్నాడు ఉదయం ఎర్ర కవరు బల్ల మీద లేదు. ఎదురింటి పిల్లకు చూడమని ఇచ్చి వచ్చింది మా మనవరాలు, ప్లేయరుతో సహా. ఎప్పుడు తిరిగి ఇమ్మన్నావే అంటే, "గడువు లేదు తాతయ్యా" అన్నది.